మచ్చ లేని సముద్రం

కృపారావు మాస్టారు సంచిలోంచి తీసిన నెగటివుల కవరు విప్పగానే తడిసి ఆరిన గోనె వాసన గుప్పుమంది. రాహేలు మొహం చిట్లించుకోలేదు. ఆ వాసన ఆమెకు కొత్త కాదు. ఒక పట్టీ పైకెత్తి ట్యూబులైటుకు అడ్డం పెట్టి చూసింది. ఆకాశం నిండా, నీళ్ళ నిండా ఎవరో ఆవాలు చిమ్మినట్టు చుక్కలు.

"బూజు పట్టిందండి మాస్టారూ" అంది.

"పట్టక ఏం చేస్తదమ్మా. తుఫాను రాత్రి మా ఇంటి పెంకులు లేచిపోయినయ్. నేనూ మా ఆవిడా మంచాలు అటూ ఇటూ జరుపుకోటంతోనే తెల్లారింది. ట్రంకుపెట్టె సంగతి ఎవరికి గుర్తుంటది? తీరిగ్గా మూత తీస్తే ఇదీ వరస." మాస్టారు కుర్చీలో చేరగిలబడి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "పాస్టరు గారికి మాటిచ్చా. వచ్చే ఏడాది కాలెండరు మన చుట్టుపక్కల బొమ్మలతోనే రావాలన్నా. నెలకో బొమ్మ, కింద ఓ వాక్యం. ఇప్పుడు పోయి బొమ్మల్లేవంటే ఏం బాగుంటది?"

బాపట్లలో బడిపంతులుగా రిటైరైన మనిషి ఆయన. పెన్షను కన్నా కెమెరా ముద్దు. కొల్లిపర దగ్గర ఇసుకతిన్నెలు, చెరుకుపల్లి పొలాల్లో కొంగలు, రేపల్లె కాలవలో పడవలు, సూర్యలంక ఒడ్డున ఎండ్రకాయల బొరియలు, వేటినీ వదల్లేదు. అంత దూరం నుంచి తెనాలి బోసు రోడ్డులో ఉన్న బ్రహ్మానందం స్టూడియోకు వచ్చాడంటే కారణం కంప్యూటరు. తొంభై ఎనిమిది నాటికి ఆ చుట్టుపక్కల ఫోటోలు బాగుచెయ్యటానికి కంప్యూటరు కొన్న మొనగాడు బ్రహ్మానందమే. దానికి మద్రాసులో ఎవరో వాడి వదిలేసిన స్కానరు ఒకటి తగిలించాడు. దాని ముందు కూర్చునే మనిషి రాహేలు.

రాహేలు తండ్రి లూకా ఇదే స్టూడియోలో నెగటివుల మీద పెన్సిలు ముక్కుతో అమ్మవారి మచ్చలు పూడ్చి, ఊళ్ళో సగం సంబంధాలు కుదిర్చాడని బ్రహ్మానందం ఇప్పటికీ వేళాకోళం ఆడుతుంటాడు. పెన్సిలు పోయి మౌసు వచ్చింది గానీ పని మారలేదు. ఎవరికీ తమ మొహం ఉన్నది ఉన్నట్టు కనపడటం ఇష్టం ఉండదు. చెట్టూ పుట్టా నోరు తెరిచి అడగలేవు కాబట్టి వాటి తరఫున ఇప్పుడు మాస్టారు అడుగుతున్నాడు.

"మిగతావి ఎట్లా ఉన్నా సర్దుకుంటా గానీ, సముద్రం బొమ్మ ఒక్కటి పోకూడదమ్మా. జనవరికి అదే. తుఫానుకు ముందు రోజు పొద్దున తీశా. అట్టాంటి వెలుతురు నా జన్మలో చూళ్ళేదు. అల లేదు, గాలి పేరుకే ఉంది. తోమి బోర్లించిన రాగి పళ్ళెంలా ఉంది సముద్రం. నాకే ఎందుకో భయమేసింది."

"ఒక్క మచ్చ లేకుండా చేసిస్తానండి" అంది రాహేలు. ఆ మాట నోటికి చాలా తేలిగ్గా వచ్చింది.

బూజు పట్టిన నెగటివులకు ఆమె దగ్గర ఓ పద్ధతి ఉంది. ముందు స్కాను, ఆ తర్వాతే స్నానం. బూజు తిన్న పూత నీళ్ళు తగిలితే జారిపోవచ్చు. అందుకని బొమ్మను ముందు కంప్యూటరులోకి ఎక్కించి, ఆ తర్వాతే నెగటివును పళ్ళెంలో వేసి కడుగుతుంది. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, పట్టీని గాజుపలక మీద పరిచి, మూత వేసింది. స్కానరు మూలుగుతూ కదిలింది. తెర మీద పైనుంచి కిందికి, గోడకు సున్నం జారినట్టు, సముద్రం దిగివచ్చింది.

మాస్టారు అబద్ధం చెప్పలేదు. కింద తడి ఇసుక, పైన మెరిసే నీళ్ళు, ఆ పైన ఎరుపూ పసుపూ కలిసిన ఆకాశం. చూస్తుంటే ఊపిరి ఆగేలా ఉంది. దాని నిండా ఇటుకరంగు మచ్చలు, దద్దుర్లు పోసిన ఒంటిలాగా.

రబ్బరు స్టాంపు తీసుకుంది రాహేలు. ఆ పనిముట్టు పేరే అంత. కీబోర్డు మీద ఓ మీట నొక్కిపట్టి శుభ్రంగా ఉన్న నీళ్ళ మీద ఒకసారి కొట్టి, మచ్చ మీద అద్దితే, ఆ నీళ్ళే వచ్చి మచ్చను కప్పేస్తాయి. అల పక్కన అల అతకాలి, వెలుగు పక్కన వెలుగు. ఎక్కడ తీసి ఎక్కడ పెట్టినా చూసేవాడికి అతుకు కనపడకూడదు. ముందు ఆకాశం బాగుచేసింది. తర్వాత ఒడ్డు. చివరికి నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత దగ్గరికి వచ్చింది. అక్కడ మచ్చలు చిన్నవి గానీ చాలా ఉన్నాయి. బొమ్మను పెద్దది చేసుకుని, గీత వెంట ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటే చెరుపుకుంటూ పోయింది.

ఒకచోట చెయ్యి ఆగింది. మిగతా వాటిలాగే ఇటుకరంగు చుక్క. కాకపోతే దీని పక్కన సన్నగా తెల్లటి గీత ఒకటి ఏటవాలుగా ఉంది, చుక్కకు మూల ఉన్నట్టుంది. బూజు గుండ్రంగా పాకుతుంది, మూలలు ఉండవు. గీత పడి ఉంటుందిలే అనుకుంది. అప్పుడే బయట బ్రహ్మానందం పాస్‌పోర్టు ఫోటోల కోసం కేకేశాడు. రాహేలు నీళ్ళు తీసుకుని ఆ చుక్క మీద అద్దింది. ఒక్క అద్దుకే పోయింది.

బ్రహ్మానందానికి కంప్యూటరు విషయంలో ఓ నియమం ఉంది. దాని కడుపు చిన్నది గనక ఒక బొమ్మకు ఒకటే కాపీ. బాగుచేసినదాన్ని పాతదాని మీదే దాచెయ్యాలి. రాహేలు అలాగే దాచి, నెగటివును నీళ్ళ పళ్ళెంలో వేసింది. అది ఆమె భయపడినంతా చేసింది. సముద్రం ఉన్న గడిలో పూత ఉబ్బి, పాల మీద మీగడలా పక్కకు జరిగి, నీళ్ళల్లో కరిగిపోయింది. మిగిలింది ఒట్టి ప్లాస్టిక్కు ముక్క. అయ్యో అనుకుంది గానీ అంత బాధపడలేదు. బొమ్మ కంప్యూటరులో భద్రంగా ఉంది కదా.

మాస్టారు మళ్ళీ వచ్చేసరికి పన్నెండు బొమ్మలూ సిద్ధంగా ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటీ చూస్తూ తల ఊపుతున్నాడు గానీ మనసు అక్కడ లేదు. సముద్రం బొమ్మ చేతికిచ్చినప్పుడు మాత్రం కళ్ళజోడు పైకెత్తి, కాయితాన్ని ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని, అంచు వెంట ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు.

"లేదమ్మా. నేనే పొరబడ్డా" అన్నాడు, బరువు దించుకున్నట్టు.

"ఏంటండి?"

"పడవ. సూర్యలంక పక్క పల్లెలో పిచ్చయ్య అని ఉన్నాడు, వాడి కొడుకులిద్దరూ, రాఘవులూ చిన్నయ్యా అని, తుఫానుతో కనపడకుండా పోయారు. పడవ వాళ్ళది కాదు, రేపల్లె పాండురంగారావు గారిది. చేపల వ్యాపారం, ఐసు ఫ్యాక్టరీ ఉన్నయ్యే, ఆయన. హెచ్చరిక ఉందని పిల్లలు మేం పోమంటే ఆయనే బలవంతాన పంపాడని పిచ్చయ్య గోల. అసలు ఆ పొద్దున పడవ సముద్రంలోకే పోలేదు, అన్నదమ్ములిద్దరూ దాన్ని ఒడ్డెంట దక్షిణాదికి తీసకపోయి ఏదో రేవులో అమ్ముకున్నారని ఆయన కేసు పెట్టాడు. నేను ఆ టైముకి అక్కడే ఉన్నాగా. టీ కొట్టు దగ్గర నోరుజారి ఫోటో తీశానన్నా. ఇంక చూస్కో, ఇటు వాళ్ళూ అటు వాళ్ళూ మా ఇంటికే."

"మీకు కనపడిందా మాస్టారూ, పడవ?"

"ఏదో తెరచాప మెరిసినట్టు అనిపించిందమ్మా, నొక్కేటప్పుడు. కానీ నా కళ్ళ సంగతి తెలిసిందే, శుక్లాలు. పిట్టయినా కావచ్చు. ఇప్పుడు బొమ్మే చెప్తంది గదా, ఏం లేదని. అడిగితే ఇదే చూపిస్తా. నా కన్నంటే నమ్మలేను గానీ ఫోటోని నమ్మొచ్చు."

అంచు మీద తను చెరిపిన చుక్క, దాని మూల రాహేలుకు గుర్తొచ్చాయి. ఆ క్షణంలోనే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచింది కూడా. కానీ మాస్టారు బొమ్మను వెలుతురుకు పెట్టి, "ఎంత బాగా చేశావమ్మా, మా లూకా చెయ్యే నీది" అన్నాడు. చనిపోయిన తండ్రి పేరు ఎత్తాక తప్పు చేశానని చెప్పటం ఆమెకు చేతకాలేదు. మాస్టారు రైలుకు టైమైందని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళగానే కంప్యూటరు ముందు కూర్చుంది. పాత బొమ్మ లేదు. చెత్తబుట్టలో లేదు, ఫ్లాపీల్లో లేదు, ఉండదని ఆమెకు ముందే తెలుసు. అంచు దగ్గర బొమ్మను పెద్దది చేసింది. ఆ చోట్లో నీళ్ళు ఎంత అందంగా అతికాయో చూస్తే తన చేతి మీద తనకే అసహ్యం పుట్టింది.

బ్రహ్మానందానికి చెప్పింది. అతను తల గోక్కుంటూ చాలాసేపు తెర వంక చూశాడు.

"రాహేలమ్మా, మనం మచ్చలు తీస్తాం గానీ పడవలు తియ్యం. ఆ మాట బయటికి పోతే రేపు ఎవడన్నా పెళ్ళి ఫోటోలు ఇస్తాడా మనకి? మా బాబాయిని తీసేశారని ఒకడొస్తాడు." కాస్త ఆగి, గొంతు తగ్గించి, "అంత కష్టంగా ఉంటే ఓ పడవ పెట్టెయ్. నీకెంతసేపు?" అన్నాడు.

ఆమె పెట్టి చూసింది కూడా. రేపల్లె కాలవ బొమ్మలోంచి ఓ తెరచాప కత్తిరించి, చిన్నది చేసి, సముద్రం అంచున అతికించి, కొంచెం మసక చేసింది. కాఫీ తాగినంతసేపు పట్టలేదు. నిజంగా ఆ పొద్దున అక్కడ ఉన్నట్టే కూర్చుంది పడవ. నిజాన్ని చెరపటానికి ఒక్క అద్దు పట్టింది. అబద్ధంతో దాన్ని మళ్ళీ నిలబెట్టటానికి ఇంత తేలికైతే, ఇక ఎవరు ఏది చూపించినా ఎవరు నమ్మాలి? కాలవలో ఆ పడవ ఎవరిదో, అందులో ఎవరున్నారో కూడా తనకు తెలియదు. దాచకుండానే మూసేసింది.

మర్నాడు పాండురంగారావు వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, తలుపు చప్పుడు కాకుండా వేసి, "రాహేలు గారంటే మీరేనామ్మా?" అని నిదానంగా అడిగాడు. మల్లెపువ్వులాంటి పంచె, గంధం బొట్టు. అరిచే మనిషైతే ఆమెకు అంత భయం వేసేది కాదు.

"మాస్టారు గారి సముద్రం బొమ్మ మీ దగ్గర ఉందటగా. పెద్దది ఒకటి కావాలి, ఫ్రేము కట్టించి. ఆదివారం కల్లా అయితే మంచిది. సోమవారం బాపట్ల మండలాఫీసులో విచారణ పెట్టారు."

బొమ్మ చూపించింది. అతను చేతులు వెనక్కి కట్టుకుని తెర వంక వంగాడు. సముద్రాన్ని చూడలేదు, అంచును చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత రాహేలును చూశాడు.

"ఎంత శుభ్రంగా ఉందమ్మా" అన్నాడు. "ఈ మిషనుతో ఏదైనా తీసెయ్యొచ్చంటగా?"

"మచ్చలు తీస్తామండి."

"మచ్చలే." నవ్వాడు. "ఊరికే అడిగా. తీసెయ్యాల్సినవి తీసేస్తేనే గదా ఏదైనా చూట్టానికి బాగుండేది. మీ పని మంచి పనమ్మా."

అతనికి ఏం తెలుసో, ఏం తెలియదో ఆమెకు అర్థం కాలేదు. పడవను పంపినవాడికి అది పోయిన సంగతి తెలియకుండా ఉంటుందా? ఉన్న పడవ బొమ్మలో లేదంటే, తను చేయించాల్సిన పని అడక్కముందే ఇంకెవరో చేసిపెట్టారని అతను గ్రహించి ఉంటాడు. అందుకే ఆ నవ్వు. వెళ్తూ వెళ్తూ, మీ అమ్మగారు వరమ్మ గారికి ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. అమ్మ పేరు అతనికి ఎవరు చెప్పారో రాహేలు అడగలేకపోయింది.

ఆదివారం స్టూడియోకు సెలవు. అయినా ఫ్రేము పని ఉందని తెరిచారు. రాహేలు ఆరాధన అయ్యాక తెల్లచీరతోనే వచ్చి కూర్చుంది. వాక్యం ఒక్క ముక్క చెవిన పడలేదు ఆ పొద్దున. అప్పుడు వచ్చారు పిచ్చయ్యా అతని కోడలూ. ముసలాయన బక్కగా ఉన్నా చేతులు మోకుల్లా ఉన్నాయి. కోడలు వెంకటసుబ్బులు పాతికేళ్ళ పిల్ల, నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. ఇద్దరూ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

"కూర్చోండి బాబాయ్" అంది రాహేలు.

"కూర్చోటానికి రాలేదు తల్లీ. బొమ్మ ఒకసారి చూపించు. నా పిల్లలు దొంగలు కారమ్మా. చచ్చారంటే చచ్చారను, దొంగలనమాక. ఆ మాట పడి నేను ఒడ్డున తిరగలేకపోతన్నా. ఈ పిల్ల గంప పట్టుకుని రేవుకి పోతే ఈమెకి చేప ఇవ్వొద్దని చెప్పించాడు ఆ పాండురంగారావు. మాస్టారు గారు బొమ్మలో ఏం లేదంటన్నారు. ఆయనకి కళ్ళు ఆనవు. నేను చూస్తా. మా తెరచాపైతే ఎంత దూరాన ఉన్నా నేను పోల్చుకుంటా. కింది మూల ఎర్ర ముక్క ఏసి కుట్టి ఉంటది. ఈ తీరాన అట్టాంటిది ఇంకోటి లేదు."

రాహేలుకు తను చెరిపింది కళ్ళముందు కదిలింది. ఇటుకరంగు చుక్క, దాని పక్కన ఏటవాలు గీత, మూల. ఇంతవరకూ అనుమానమని చెప్పుకుని నిద్రపోగలిగింది. ఇప్పుడు అదీ లేదు.

ముసలాయన తెర మీదికి వంగి వెతికాడు. గోరుతో అంచు వెంట గీసుకుంటూ పోయాడు. ఆ గోరు సరిగ్గా ఆ చోటికి వచ్చి, ఆగకుండా దాటిపోయింది. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. రెండోసారి కూడా లేకపోయేసరికి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగాడు.

వెంకటసుబ్బులు ముందుకొచ్చింది. మామ వెతికిన చోటల్లా ఆమె కళ్ళూ వెతికాయి. పడవ లేకపోతే ఈ పిల్ల ఇక్కడే కూలబడుతుందని రాహేలు లేచి నిలబడింది. కానీ ఆ పిల్ల కూలబడలేదు. బిగబట్టుకున్న ఊపిరి వదిలి, "లేదండి. ఏం లేదు" అని మెల్లగా అంది. ఆమె మొహం ఒక్కసారిగా తేటబడింది. చంటిబిడ్డకు జ్వరం జారిందని తెలిసిన తల్లి మొహంలా ఉంది. గాజుల చెయ్యి తెర మీద ఆనించి, ఖాళీ నీళ్ళను ఓసారి నిమిరింది.

ఈ పిల్లకు పాపం ఏం తెలియదు అనుకుంది రాహేలు. పడవ లేకపోతే మొగుడు బతికి ఉన్నాడనుకుంటోంది. అదీ తను చేసిన పనే. ఒకే ఒక్క చుక్క చెరిపి, చచ్చిన ఇద్దర్ని దొంగల్ని చేసింది, ఈ అమాయకురాల్ని లేని ఆశ పట్టుకుని వేలాడేలా చేసింది. అప్పటికప్పుడు చెప్పబోయింది. "రేపు ఆఫీసుకి నేనూ వస్తాను బాబాయ్" అని మాత్రం రాగలిగింది నోట్లోంచి.

"నువ్వెందుకు తల్లీ?"

"బొమ్మ గురించి చెప్పాలి. నేను చెప్తాను."

వెంకటసుబ్బులు చప్పున తల తిప్పి ఆమెను చూసింది. ఆ చూపులో ఏముందో రాహేలు అప్పుడు పట్టించుకోలేదు.

సోమవారం పొద్దున బాపట్ల రైల్లో కిటికీ పక్కన కూర్చుని, చెప్పాల్సిన మాటలు లోపల్లోపల వల్లెవేసుకుంది. వెళ్తున్నట్టు బ్రహ్మానందానికి చెప్పింది. అతను వద్దనలేదు, సరేననలేదు. ఫ్రేముల షాపువాడితో బేరంలో పడ్డట్టు నటించాడు. తుఫానుకు పడుకున్న వరి ఇంకా పొలాల్లో కుళ్ళుతోంది. ఆ వాసన బోగీలోకి వస్తోంది. పని పోవచ్చు. పాండురంగారావు ఊరుకోడు. అమ్మ పేరు తెలుసు అతనికి. అయినా సరే, చెప్పెయ్యాలి. చెప్పాక వచ్చేది రానీ.

మండలాఫీసు గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. టేబులు మీద కాయితాల మధ్య తను కట్టించిన ఫ్రేములోనే సముద్రం నిలబడి ఉంది. ఆ గదిలో దానంత అందమైన వస్తువు ఇంకోటి లేదు. కృపారావు మాస్టారు తనకు తెలిసింది చెప్పేసి కూర్చున్నాడు. ఆ పొద్దునే తీశానన్నాడు, బొమ్మలో ఏమీ లేదన్నాడు. ఆఫీసరు కాయితం తిప్పబోతుంటే రాహేలు లేచింది.

"ఆ బొమ్మలో పడవ ఉందండి. నేనే చెరిపేశాను."

మాస్టారు చేతిలో కళ్ళజోడు జారి ఒళ్ళో పడింది.

ఆఫీసరు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "పడవని చెరపటమేంటమ్మా?"

చెప్పింది. బూజు సంగతి, స్కాను సంగతి, చుక్క సంగతి. అది బూజనుకున్నానని, మూల చూసి కూడా ఆగలేదని. తెరచాపకు కింది మూల ఎర్ర ముక్క ఉందని పిచ్చయ్య గారు చెప్పకముందే తను ఆ ఎరుపు చూశానని. లేచి వెళ్ళి అద్దం మీద వేలు పెట్టి, "ఇక్కడండి" అంది. ఎన్నాళ్ళుగానో ఒంట్లో లేని బలం ఏదో వచ్చినట్టు అనిపించింది ఆమెకు.

పిచ్చయ్య గోడకు ఆనుకుని నిలబడ్డవాడల్లా నేల మీద కూర్చుండిపోయాడు. "సూశారా బాబూ. పోయారు. నా బిడ్డలు సముద్రంలోకే పోయారు" అని ఏడుస్తూ చేతులు జోడించాడు. కొడుకులు చచ్చిపోయారని రుజువైనందుకు ఒక తండ్రి దండం పెట్టటం చూడలేక ఆఫీసరు కాయితాల వంక చూశాడు.

"అసలు బొమ్మ ఏదమ్మా? మచ్చలున్నది?"

"లేదండి. నెగటివు కడిగితే పోయింది."

పాండురంగారావు కుర్చీలో కదల్లేదు. "ఏమీ అనుకోకండి సార్. ఈ అమ్మాయి మంచిదే, జాలిగుండె. నిన్న వీళ్ళు స్టూడియోకి పోయి ఏడ్చారంట. ఎర్ర ముక్క సంగతీ వాళ్ళే చెప్పారంట. ఇవాళ ఈమెకి పడవ గుర్తొచ్చింది. ఉన్నదాన్ని తీసెయ్యగలిగితే లేనిదాన్ని పెట్టనూ గలరు. ఈ లెక్కన ఏ బొమ్మని నమ్ముతాం చెప్పండి."

అంతా మర్యాదగానే అన్నాడు. తెర మీద రేపల్లె పడవ ఎంత చక్కగా కూర్చుందో రాహేలుకు గుర్తొచ్చింది.

ఆఫీసరు విసుగ్గా కలం మూసి, మళ్ళీ తీశాడు. "బొమ్మల గొడవ పక్కన పెట్టండి. ఏమ్మా, నువ్వేగా రాఘవులు భార్యవి? ఆ తెల్లవారుజామున నీ మొగుడు ఎటు పోయాడు? నువ్వు ఒడ్డుకి పోయావా లేదా?"

"పోయానండి" అంది వెంకటసుబ్బులు.

"చెప్పమ్మా. చూసింది చెప్పు" అన్నాడు పిచ్చయ్య నేల మీద నుంచే.

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది. ఎవరి వంకా చూడలేదు. టేబులు మీద సముద్రాన్నే చూస్తూ, వల్లించినట్టు చెప్పింది.

"ఎదురు సముద్రంలోకి పోలేదండి. ఒడ్డెంట దక్షిణాదికి పోయారండి, అన్నా తమ్ముడూ. అక్కడేదో రేవులో పనుందన్నాడు. రావటానికి ఆలీసం అవుద్దన్నాడు. ఆ అమ్మగారు మంచి మనసుతో చెప్తన్నారు గానీ, బొమ్మలో పడవ లేదండి. నేను కళ్ళారా చూశాను, లేదు."

ఆఫీసరు రాసుకున్నాడు. వేలిముద్ర వేయమంటే వేసింది. పిచ్చయ్య నేల మీద చెయ్యి ఊని మెల్లగా లేచాడు. కోడలి వంక ఒక్కసారి చూసి, తువ్వాలు దులిపి బయటికి నడిచాడు. ఆయన వెనకే మాస్టారూ వెళ్ళాడు, రాహేలు మొహం చూడకుండా.

పాండురంగారావు ఆమె దగ్గర ఆగాడు. "ఫ్రేము చాలా బాగా కట్టించారమ్మా" అన్నాడు. అతని గొంతులో వెటకారం కూడా లేదు.

రాహేలు ఆఫీసు వెనక పంపు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుంది. తన మీద కోపమో, ఆ పిల్ల మీదో తేలటం లేదు. పని పోగొట్టుకోటానికి సిద్ధపడి వస్తే, ఎవరి కోసం వచ్చిందో ఆ మనిషే అందరి ముందూ తనను అబద్ధాలకోరును చేసింది. పాండురంగారావు డబ్బిచ్చి ఉంటాడు. భయపెట్టి ఉంటాడు. ఇంకేముంటుంది?

పంపు చప్పుడు ఆగాక వెనక గాజుల గలగల వినపడింది.

"కోపమొచ్చిందా అక్కా?" అంది వెంకటసుబ్బులు.

"ఎందుకు చెప్పావట్లా? ఎంతిచ్చాడు?"

"ఆయనిచ్చేదేంది." ఆమె పంపు చప్టా మీద కూర్చుని, తడి నేల మీద పాదాలు ఆనించుకుంది. "మీరు చెప్పింది నిజమేనండి. మీరు వేలెట్టిన చోటు కూడా అదే. ఆ ఎర్ర ముక్క నా చీరదే, నేనే కుట్టా. ఎదురు సముద్రంలోకే పోయారు. కనపడినంతసేపూ నేను ఒడ్డునే ఉన్నా."

రాహేలు తల తిప్పి ఆమె మొహం చూసింది. ఆదివారం ఆ మొహం ఎందుకు తేటబడిందో ఇప్పుడు తెలిసింది. ఆ పిల్ల అమాయకురాలు కాదు. తెలిసి తెలిసీ ఖాళీ నీళ్ళను నిమిరింది.

"మరి మీ మావయ్య... ఆయన పరువు..."

"ఆయనకి పరువు కావాలండి. కొడుకులు మంచోళ్ళన్న పేరు కావాలి. ఆఫీసరు గారు పోయారని రాసుకుంటే ఇయ్యాళ సాయంత్రమే మావోళ్ళు నన్ను ఒడ్డుకి తీసకపోయి ఈ గాజులు పగలగొడతారు. అక్కడితో అయిపోద్ది. రేవులో చేపలియ్యకపోతే మానె, రేపల్లె పోయి ఎవరింట్లోనన్నా అంట్లు తోముకుంటా. దొంగ పెళ్ళాం అంటారు, అననీండి." ఆమె గాజుల్ని మోచేతి వైపుకు తోసుకుంది. "దొంగైతే ఎప్పటికైనా ఇంటికొస్తాడు గదండీ."

రాహేలు ఆమె పక్కన కూర్చుంది. కోపం పోయింది. పోయిన చోట ఏదో చల్లగా, బరువుగా వచ్చి చేరింది. ఈ పిల్ల ఎన్నేళ్ళు ఇలా కూర్చుంటుందో, ఒంటరిగా ఎంత తెలివిగా తనను తాను మోసం చేసుకోవాలో తల్చుకుంటే భయం వేసింది. ఓదార్చటానికి ఒక్క మాట వెతికింది. దొరికినవన్నీ చనిపోయినవాళ్ళ ఇళ్ళల్లో చెప్పే మాటలే.

రోడ్డు మీద సూర్యలంక బస్సు హారను కొట్టింది. వెంకటసుబ్బులు లేచి చీర దులుపుకుంది. రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది.

"అక్కా, ఆ బొమ్మ నాకొకటి ఇప్పిస్తారా? చిన్నదైనా పర్లేదు, ఇంట్లో పెట్టుకుంటా."

రాహేలు తల ఊపింది.

"పడవ లేనిదేనండి" అంది వెంకటసుబ్బులు, రాహేలు దగ్గర ఇంకో రకం కూడా ఉన్నట్టు.